సంగమేశ్వరం నుంచి నాగాయలంక దాకా: ఎండిన కృష్ణ వెంట

ఇంటికొచ్చి విప్పిన బట్టలు ఇంకా ఉతకనే లేదు, జేబుల్లో శ్రీశైలం బూడిద, సాగర్ దుమ్ము అలాగే ఉన్నాయి. మర్చిపోకముందే రాసేస్తున్నాను.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె, ఉండేది హైదరాబాద్‌లో. మా అక్కని తెనాలి ఇచ్చాం. పేపర్లో కృష్ణా జలాల వార్త పడ్డప్పుడల్లా బావా నేనూ ఫోన్లో కొట్టుకోవడం ఇంట్లో వాళ్ళకి అలవాటైపోయింది. 2023లో వానలు ముఖం చాటేశాయి. 1901 తర్వాత దేశంలో అన్నిటికన్నా పొడిగా గడిచిన ఆగస్టు అదేనట. శ్రీశైలం గేట్లు ఒక్కసారి కూడా ఎత్తలేదు. మా గొడవ కూడా ఆ మేరకు పెరిగింది. "ఫోన్లో ఎందుకురా అరుచుకోవడం, పోయి చూసొద్దాం పద" అన్నాడు బావ. కారు ఆయనది, డీజిల్ నాది అని ఒప్పందం.

ఏప్రిల్ 7, 2024 – నందికొట్కూరు, పోతిరెడ్డిపాడు, సంగమేశ్వరం

నందికొట్కూరు బస్టాండు దగ్గర ఉగ్గాని బజ్జీ 40 రూపాయలు. నానబెట్టి తాలింపు వేసిన బొరుగులు, పైన పుట్నాల పొడి, పక్కన పొడుగాటి మిరపకాయ బజ్జీలు రెండు. "బొరుగులు టిఫినేంటి" అని ముఖం పెట్టిన బావ రెండో ప్లేటు తనే చెప్పాడు. శ్రీశైలం డ్యాం వెనక జలాల్లో మునిగి తేలే సంగమేశ్వరం గుడికి వెళ్తున్నామని విని టీ కాసే పెద్దాయన నవ్వాడు. "సంగమేశ్వరుడు బయటికొచ్చినాడంటే పోతిరెడ్డిపాడు మూతపడినట్టే సార్. దేవుణ్ణి చూసి సంతోషపడాల్నో, కాలవ జూసి ఏడవాల్నో మాకు తెల్దు."

మొదట కాలవే చూశాం. జూపాడుబంగ్లా దాటాక పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్, అంటే శ్రీశైలం నీళ్ళని సీమ కాలవల్లోకి వదిలే గేట్లు. పాతవి నాలుగు గేట్లు, తర్వాత కట్టినవి పది. 44,000 క్యూసెక్కులు, అంటే సెకనుకి అన్ని ఘనపుటడుగుల నీళ్ళు, తీసుకోగల నోరు. తెలుగుగంగ, శ్రీశైలం కుడి బ్రాంచి కాలవ (ఎస్సార్బీసీ), గాలేరు-నగరి పథకాలన్నీ ఇక్కడి నుంచే, మద్రాసు తాగేనీళ్ళు కూడా. మూడు రాష్ట్రాలు తలా 5 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) వదులుకుని చెన్నైకి 15 ఇవ్వాలన్నది ఆనాటి ఒప్పందం. ఇంత పెద్ద నోటికి పెదవి సముద్రమట్టం నుంచి 841 అడుగుల ఎత్తులో ఉంది. మేం వెళ్ళిన వారం శ్రీశైలం మట్టం 810 దరిదాపుల్లో ఉంది. గేట్ల ముందు కాలవలో నాలుగు బర్రెలు పడుకుని ఉన్నాయి. ఒకటి లేచి మావైపు చూసి మళ్ళీ పడుకుంది.

ఆత్మకూరు వైపు తిరిగి కపిలేశ్వరం దాటాక తారు రోడ్డు అయిపోయింది. బండ్లు తొక్కి తొక్కి పడ్డ బాట ఒకటి ఒండ్రులోంచి పోతోంది. ఫోన్ మ్యాప్‌లో మా కారు గుర్తు నీలం రంగు మధ్యలో కదులుతోంది, అంటే మేం నీళ్ళలో ఉన్నాం. బయటేమో దుమ్ము. బాట రెండుగా చీలిన చోట మ్యాప్ చేతులెత్తేస్తే, గొర్రెలు కాసే పిల్లాడు కర్రతో ఎడమవైపు చూపించాడు. కుడివైపుది పాత ఊరి రోడ్డట. కాస్త దూరం వెళ్తే మునిగిన ఊరి రాతి పునాదులు, ఒక తిరగలి రాయి, అటు తర్వాత బురద.

ఆ నేలని దగ్గరగా చూడండి. అరచేయంత పెచ్చులుగా పగిలింది, ఒక్కో పెచ్చు అంచు పైకి లేచింది. పగుళ్ళలో తెల్లటి నత్త గుల్లలు. పెచ్చు ఎత్తితే కింద ఇంకా తడి ఉంది, శనగ కోసిన మోళ్ళ వేర్లు ఆ తడిలోకి దిగి ఉన్నాయి. నీళ్ళు వెనక్కి పోయిన కొద్దీ వెంటపడి విత్తనం వేసుకున్నవాళ్ళు ఇక్కడ ఉన్నారన్నమాట. ఆ భూమి ఒకప్పుడు వాళ్ళదే. డ్యాం కట్టినప్పుడు పరిహారం తీసుకుని వదిలేశారు, కరువొస్తే కొన్ని నెలలు మళ్ళీ వాళ్ళదవుతుంది.

గుడిలో వేపలింగం. ఏడాదిలో ఎక్కువ కాలం నీళ్ళలోనే. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి ఏడూ ఇక్కడ కలుస్తాయంటారు, వాటిలో భవనాశి ఒక్కటే మగనది. నీళ్ళు ఎక్కేటప్పుడు ఆఖరి పూజ పడవలో వెళ్ళి శిఖరానికి చేస్తామని పూజారిగారు చెప్పారు. "ఈ ఏడు స్వామి ముందే బయటపడ్డాడు. భక్తులకు మంచిదే" అని, కాసేపు ఆగి, "రైతులు కూడా భక్తులే కదా" అన్నారు. ఆయన పళ్ళెంలో బావ వంద వేశాడు.

తిరిగొస్తూ ముచ్చుమర్రి ఎత్తిపోతల గురించి మాట్లాడుకున్నాం. 798 అడుగుల దాకా మట్టం పడిపోయినా నీళ్ళు తోడుకునేలా కట్టారు దాన్ని. ఎదురు ఒడ్డున తెలంగాణకి కల్వకుర్తి పంపులున్నాయి, వాటిదీ అదే దారి. "కొబ్బరిబోండాం ఒకటే, స్ట్రాలు వేరు వేరు పొడవురా. ఎవడి స్ట్రా అడుక్కి ఆనుతుందో వాడిదే బోండాం" అన్నాడు బావ. ఆ రోజుకి ఆయన అన్న మంచిమాట అదొక్కటే, తర్వాతంతా పాలిటిక్స్.

ఏప్రిల్ 8 – నల్లమల దాటి శ్రీశైలం

ఎలక్షన్ కోడ్ కాబట్టి ప్రతి చెక్‌పోస్ట్‌లో డిక్కీ తెరవాల్సిందే. దోర్నాల దగ్గర ఒక కానిస్టేబుల్ మా మామిడికాయల సంచి దాకా తడిమి చూశాడు.

కైలాసద్వారం దగ్గర కారు ఆపేశాం. ఉగాదికి కర్ణాటక నుంచి నడిచొచ్చేవాళ్ళు అడవి బాట దిగి రోడ్డెక్కేది అక్కడే. వేలమంది. కాళ్ళకి గుడ్డలు చుట్టుకుని కొందరు, పొడుగు కాళ్ళ కర్రల మీద నడుస్తూ కొందరు, భుజాన నీళ్ళ సీసాల దండలతో ఇంకొందరు. రోడ్డు పక్క బండ మీద కూలబడ్డ ఒక పెద్దాయనకి బావ మజ్జిగ ప్యాకెట్ ఇచ్చాడు. బాగల్‌కోట వైపు రైతు. కొంచెం తెలుగు, ఎక్కువ చేతులు. "నమ్మ ఊరు నీరల్లి ముళుగిదె" అని అరచేయి తిరగేసి కిందికి నొక్కి చూపించాడు. కర్ణాటకలోని ఆల్మట్టి డ్యాం వెనక జలాల్లో పోయిందట ఊరు.

ఇంతకాలం మాకు ఆల్మట్టి అంటే పైనుండి నీళ్ళు ఆపేసే గోడ. ఇప్పుడున్న మట్టం 519.6 మీటర్లు, దాన్ని 524.256కి పెంచుకోవచ్చని కృష్ణా జలాల తగాదా తేల్చే బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్ 2010లో అన్నప్పటి నుంచి మా రెండు రాష్ట్రాలూ వద్దని ఒకే మాట మీద ఉన్న విషయం బహుశా అదొక్కటే. ఆ గోడ వెనకా మునిగినవాళ్ళున్నారని, వాళ్ళు నాలుగైదు వందల కిలోమీటర్లు నడిచి మన దేవుడి దగ్గరికే వస్తారని నేనెప్పుడూ ఆలోచించలేదు. బావేమో ఆయన్ని చెరకు రేటు అడుగుతున్నాడు.

సాయంత్రం సున్నిపెంట వైపు వ్యూ పాయింట్ నుంచి డ్యాం చూశాం. పన్నెండు గేట్లు గాల్లో వేలాడుతున్నట్టున్నాయి, నీళ్ళు వాటికి ఎక్కడో కింద. నిండు మట్టం 885 అడుగులు. 2009 అక్టోబరు వరదలో 896 దాకా ఎక్కిన డ్యామే ఇది. కట్టినప్పుడు 308 టీఎంసీలు పట్టేది, పూడిక మింగేసి ఇప్పుడు 215 చిల్లర. కొండ గోడల మీద పాత మట్టాల తెల్ల చారలు ఒకదాని కింద ఒకటి.

అసలు తగాదా కరెంటు దగ్గరే. కుడిగట్టు పవర్‌హౌస్ ఆంధ్రాది, 770 మెగావాట్లు. ఎడమగట్టు తెలంగాణది, 900. కరెంటు తీస్తే నీళ్ళు కిందికి, సాగర్‌కి పోతాయి. సాగర్‌కి పోతే నల్గొండకీ గుంటూరుకీ మంచిదే, కానీ ఇక్కడ మట్టం 841 కిందికి పడితే సీమకి చుక్క ఎక్కదు. "మీవాళ్ళు కరెంటు పేరుతో ఖాళీ చేస్తారు" అని బావ. "ఈ డ్యాం కట్టిందే కరెంటుకి" అని నేను. ట్రిబ్యునల్ కాగితాల్లో నా మాటకి బలం ఉంది. కానీ నిన్న చూసిన బర్రెలు గుర్తొచ్చి గొంతు తగ్గించాను.

ఏప్రిల్ 9, ఉగాది – పాతాళగంగ, ఎర్రగొండపాలెం

పాతాళగంగ మెట్లు ఎప్పుడూ మోకాళ్ళ పరీక్షే. ఈసారి మెట్లు అయిపోయాక బండలు, బండలయ్యాక బురద, బురదలో ఇసుక బస్తాలు, అప్పుడు నీళ్ళు. ఉగాది పచ్చడి కోసం వెతుక్కుంటుంటే ఒక కన్నడ కుటుంబం పిలిచి బేవు-బెల్ల పెట్టింది. వేపపువ్వూ బెల్లమూ, అంతే. పులుపూ కారమూ లేవని బావకి వెలితి. ఆ ఇంటావిడ పెట్టిన ఒబ్బట్టుతో ఆ వెలితి తీరింది.

గుళ్ళో పంచాంగ శ్రవణం. క్రోధి నామ సంవత్సరం. ఈ ఏడు వానలో సముద్రం మీద ఇన్ని భాగాలు, కొండల మీద ఇన్ని, నేల మీద ఇన్ని అని సిద్ధాంతిగారు పంచుతుంటే జనం శ్రద్ధగా విన్నారు. "ఈ పంపకం మీద ఎవడూ సుప్రీంకోర్టుకి పోడు చూడు" అన్నాడు బావ, కొంచెం గట్టిగానే. ముందు వరసలో ఇద్దరు తిరిగి చూశారు.

మధ్యాహ్నం దోర్నాల మీదుగా ఎర్రగొండపాలెం. శ్రీశైలం నీళ్ళు ఇటు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టు సొరంగాలు ఇక్కడి కొండల కిందే. తవ్వకం పూర్తయింది, నెల కిందటే ఘనంగా ప్రారంభోత్సవమూ అయింది, నీళ్ళు మాత్రం పారలేదు. పారాలన్నా శ్రీశైలంలో మట్టం 840 దాటి ఉండాలి. ఎర్రగొండపాలెంలో మెస్ భోజనం 100 రూపాయలు. దోసకాయ పప్పు బాగుంది, మంచినీళ్ళ గ్లాసు మాత్రం సగమే పోశారు. ఇంకో గ్లాసు అడిగితే మెస్ యజమానురాలు మొహమాటంగానే, "బాటిల్ తెప్పించమంటారా అన్నా, మాకు క్యాన్లు రెండ్రోజులకొకసారి వస్తున్నాయి" అంది.

ఏప్రిల్ 10 – మాచర్ల, నాగార్జునసాగర్

రెంటచింతల వేడి మాచర్లకి చుట్టం. పొద్దున తొమ్మిదికే స్టీరింగు పట్టుకోలేకపోయాడు బావ.

సాగర్ డ్యాంకి 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో ఇందిర కాలవలకి నీళ్ళు వదిలారు. మా నాన్న ఆ కథ చెప్పని సెలవులు లేవు. ఎడమ కాలవ లాల్‌బహదూర్ పేరిట మాకు, కుడి కాలవ జవహర్ పేరిట బావవాళ్ళ వైపు. గేట్లు 26. ఇప్పుడా 26కీ మధ్యన మనుషులు గీసిన గీత ఉంది. 2023 నవంబరు 29 అర్ధరాత్రి, తెలంగాణలో తెల్లవారితే పోలింగ్ అనగా, ఆంధ్రా పోలీసులు వచ్చి పదమూడో గేటు దాకా తమదని ముళ్ళకంచె వేశారు. తెల్లారి కుడి కాలవకి నీళ్ళు వదిలారు. ఆ తర్వాత కేంద్రం కలగజేసుకుని సీఆర్పీఎఫ్‌ని దింపింది. మేం వెళ్ళేసరికి వాళ్ళే కాపలా. డ్యాం మీదికి ఎవర్నీ పోనివ్వడం లేదు, ఫోన్ పైకెత్తితేనే విజిల్ వేస్తున్నారు.

కుడిగట్టున చేపల వేపుడు అమ్మే ఆవిడ దగ్గర కూర్చున్నాం. బొచ్చె ముక్కలు, కారం బాగా పట్టి, ప్లేటు 150. "ఆ రాత్రి ఇటు పోలీసులు, అటు పోలీసులు. మా అల్లుడు అటు కాలనీలో ఉంటాడు. పొద్దున టిఫిన్ తెచ్చే పిల్లాడు రాలేదు, అంతే మాకు జరిగింది" అంది. టూరిస్టులు లేక బేరం సగమైందన్నదే ఆవిడ గోల. జవాన్లు చేపలు కొంటారా అని అడిగితే, "ఎండుమిర్చి తట్టుకోలేరు పాపం" అని నవ్వింది.

సాగర్ నిండు మట్టం 590 అడుగులు, 312 టీఎంసీలు. తోడుకోదగ్గ కింది మట్టం 510 అని లెక్క. ఆ వారం నీళ్ళు సరిగ్గా ఆ గీత దగ్గరే ఉన్నాయి. అందుకని 500 దాకా దిగుదామని, రెండు రాష్ట్రాల మధ్య నీళ్ళు పంచే కృష్ణా బోర్డు త్రిసభ్య కమిటీ తేల్చింది. బోర్డు మెంబర్ సెక్రటరీ, రెండు రాష్ట్రాల ఈఎన్సీలు (ఇంజనీర్-ఇన్-చీఫ్‌లు), ఆ ముగ్గురే కమిటీ. తాగునీటికి తెలంగాణకి 8.5 టీఎంసీలు, ఆంధ్రాకి 5.5. ఆ వార్త చూసి బావ ముఖం మాడ్చుకున్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. బచావత్ ట్రిబ్యునల్ 1970ల్లో కృష్ణలో 2060 టీఎంసీలున్నాయని తేల్చి మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, మనకి 800 ఇచ్చింది. వాడగా తిరిగొచ్చే నీళ్ళు కలిపి 811. రాష్ట్రం విడిపోయాక 2015లో దాన్ని ఆంధ్రాకి 512, తెలంగాణకి 299గా తాత్కాలికంగా పంచుకున్నారు. మనం అరుచుకునేది ఈ అంకెల మీదే. కానీ ఆ 2060 నూటికి 75 ఏళ్ళు వచ్చే నీళ్ళ లెక్క. నాలుగో ఏడు రాకపోవచ్చని లెక్కలోనే ఉంది. ఆ నాలుగో ఏడు ఏ డ్యాం నుంచి ఎవరు ఎంత తగ్గించుకోవాలి? విభజన చట్టం 89వ సెక్షన్ ఆ పని 2014లోనే బ్రిజేష్‌కుమార్ ట్రిబ్యునల్‌కి అప్పజెప్పింది. ఇంకా తేలలేదు. తేలేదాకా ఆ కమిటీలోని ముగ్గురు ఇంజనీర్లు అప్పుడప్పుడూ కూర్చుని పంచడమే. ఆలోగా ఎవరి తూము కిందుంటే వాళ్ళది పైచేయి. సంగమేశ్వరం నుంచి సాగర్ దాకా నాకు కనిపించింది ఇదే.

ఏప్రిల్ 11 – ఎడమగట్టు, మా ఊరు

వంతెన దాటి హిల్ కాలనీ. పుట్టంగండి దగ్గర హైదరాబాద్ తాగునీటి పంపులు. మట్టం 510 కిందికి పోతే మామూలు పంపులకి నీళ్ళందవు కాబట్టి ఎమర్జెన్సీ మోటార్లు దింపుతున్నారు. హైదరాబాద్‌కి కృష్ణ నుంచి వచ్చేది రోజుకి 270 మిలియన్ గ్యాలన్లు. నేను ఇంట్లో బండి కడిగే పైపు మొదలు ఇక్కడుందని బావ నాకు వేలు పెట్టి చూపించాడు. నేనేమీ అనలేదు.

హాలియా దాటి మిర్యాలగూడ వైపు వెళ్తుంటే ఎడమ కాలవలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఈ యాసంగికి సాగర్ నీళ్ళు లేవని ముందే చెప్పేశారు, అయినా బోర్లని నమ్మి నాట్లేసినవాళ్ళున్నారు. మా బాబాయి వాళ్ళలో ఒకడు. మూడెకరాల్లో ఎకరం గింజ పట్టింది, మిగతా రెండెకరాలు గొర్రెలకి వదిలేశాడు. ఐదొందల అడుగుల బోరు కొత్తగా వేయించాడు, కేసింగు మోటారు కలిపి రెండు లక్షలు దాటింది. పది నిమిషాలు పోసి గురక పెడుతుంది.

పిన్ని నాటుకోడి కూర, జొన్నరొట్టె చేసింది. తినేటప్పుడు బాబాయి బావనే అడిగాడు, "అల్లుడూ, కంచె వేసి మీవాళ్ళు వదులుకున్న నీళ్ళు మీ పొలానికి వచ్చినయా?"

"మాది డెల్టా మావయ్యా. కుడి కాలవ మాకు రాదు."

"మరి ఎవరికి వచ్చినయ్?"

బావ ఇంకో రొట్టె వేయించుకున్నాడు.

ఏప్రిల్ 12 – వాడపల్లి, బెజవాడ

వాడపల్లిలో మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. వంతెన మీంచి చూస్తే రెండింటికీ రంగు తేడా తెలుస్తుంది, కంపు మూసీది. అటు పొందుగల చెక్‌పోస్ట్, మళ్ళీ డిక్కీ. దాచేపల్లిలో చెరకు రసం 20 రూపాయలు, ఐసు వద్దంటే 25.

సాయంత్రానికి ప్రకాశం బ్యారేజీ. 1855 నాటి ఆనకట్ట స్థానంలో 1957లో కట్టింది, పట్టేది 3 టీఎంసీల పైచిలుకు మాత్రమే. పైన పులిచింతల ఉన్నా, 2015 నుంచి పట్టిసీమ మోటార్లు గోదావరిని ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుపుతున్నా, ఏప్రిల్‌లో డెల్టా కాలవలు కట్టేసే ఉంటాయి. చెరువులు నింపడానికి మాత్రం కొన్ని రోజులు వదులుతారు. బ్యారేజీ మీద జనం గాలికి నిలబడి మొక్కజొన్న కంకులు తింటున్నారు. ఆ రాత్రి తెనాలిలో పడుకున్నాం. అక్క మా ఇద్దరి వాదన వినకుండా టీవీ సౌండు పెంచింది.

ఏప్రిల్ 13 – అవనిగడ్డ, నాగాయలంక

అవనిగడ్డ దాటాక నేల రంగు మారుతుంది, అక్కడక్కడా ఉప్పు తేలి తెల్లగా కనిపిస్తుంది. బోరు వేస్తే ఉప్పునీళ్ళే, కాబట్టి ఊరి చెరువులోకి కాలవ నీళ్ళు వస్తేనే ఏడాదంతా తాగడానికి. నాగాయలంకలో పీతల పులుసు భోజనం 200. ఇంత ప్రయాణంలో తిన్న మంచి భోజనం ఇదేనని బావ, మా పిన్ని కోడికూరేనని నేను.

ఊరి బయట చిన్న కాలవ తూము దగ్గర గుంపు. చెరువుకి నీళ్ళు ఎక్కుతున్నాయి, కానీ పై ఊరివాళ్ళు రాత్రి రొయ్యల చెరువులకి మోటార్లు పెట్టారని వీళ్ళ ఫిర్యాదు. కాలవ నీళ్ళు చూసుకునే లస్కర్ గొడుగు కింద స్టూలేసుకుని కూర్చుని ఉన్నాడు, చేతిలో నోటుబుక్కు. కాలవ గోడ మీద ఎర్ర పెయింటుతో గీసిన గేజీ దగ్గర వంగి చూసి, "రెండున్నర ఉంది. రేపు పొద్దుటికి మూడు చూపిస్తా, లేకపోతే నన్నడగండి" అన్నాడు. పై ఊరి సర్పంచి కూడా అక్కడే ఉన్నాడు. ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడి, మూడు రాత్రులు రెండు ఊళ్ళ నుంచీ చెరో ఇద్దరు కాలవ గట్టు మీద కాపలా తిరగాలని, మోటారు కనిపిస్తే పీకి పంచాయతీ ఆఫీసులో పెట్టాలని, విడిపించుకోవాలంటే 5,000 కట్టాలని తేల్చారు. పావుగంట పట్టింది.

"కృష్ణా బోర్డులో ఆ ముగ్గురు ఇంజనీర్ల దగ్గరికి వీళ్ళని పంపితే?" అన్నాను.

"ఇక్కడ రెండూళ్ళకీ తూము ఒకటే ఎత్తులో ఉందిరా బామ్మర్దీ" అన్నాడు బావ, కారు తాళాలు తీస్తూ. లస్కర్ అప్పటికే నోటుబుక్కులో కాపలా వాళ్ళ పేర్లు రాస్తున్నాడు. సర్పంచి కొడుకు పేరు మొదట రాయమని వెనకనుంచి ఎవరో అరిచారు.